ఆకులు రాలే కాలంలో మొక్క నాటితే

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు పెరటి పని ఏప్రిల్లో మొదలుపెట్టి ఆగస్టు చివరికి వదిలేస్తారు. టమాటా, బెండ, గోంగూర, ఆనప అయిపోగానే పారా గునపం గరాజులోకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత బతుకమ్మ, బొమ్మల కొలువు, దీపావళి సందడి. సరిగ్గా ఆ వారాల్లోనే ఇక్కడి నేల పూలమొక్కలకు అన్నిటికంటే అనుకూలంగా ఉంటుందంటే, "చలి ముంచుకొస్తుంటే మొక్కలు పెట్టమంటారేంటి పిన్నిగారూ?" అని నవ్వుతారు మా కాలనీ అమ్మాయిలు.

మాది గోదావరి జిల్లా, కడియం నర్సరీలకు దగ్గర. అక్కడ తొలకరి పడితే నాట్లు. ఆకాశం వైపు చూడటమే అలవాటు. మా అబ్బాయి దగ్గరికొచ్చి ఇక్కడే ఉండిపోయాక నేల వేడి చూసి నాటడం నేర్చుకున్నాను. ఏటేటా చచ్చి మళ్ళీ విత్తుకోవాల్సిన బంతి లాంటి వాటి గురించి కాదు నేను చెప్పేది. శీతాకాలంలో పైనంతా ఎండిపోయి, వసంతంలో అదే కుదురు నుంచి మళ్ళీ లేచే పెరెనియల్స్ గురించి. అడిగినవాళ్ళకి విడివిడిగా చెప్పే మాటల్నే ఇక్కడ వరసపెట్టి రాస్తున్నాను. ఇవి మధ్య న్యూజెర్సీకి సరిపోతాయి. మిన్నెసోటా వాళ్ళు ఇంకా ముందే పని ముగించుకోవాలి, జార్జియా వాళ్ళు నవంబరులోనూ నిదానంగా నాటుకోవచ్చు.

1. పైన ఆగినా కింద వేరు ఆగదు.

సెప్టెంబరులో గాలి చల్లబడినంత త్వరగా నేల చల్లబడదు. వేసవి ఎండంతా ఇంకా మట్టిలోనే ఉంటుంది. ఆ మట్టి వేడి 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో నాలుగైదు డిగ్రీలకు, దిగేదాకా చాలా మొక్కల వేళ్ళు పెరుగుతూనే ఉంటాయి. ఎండ తీవ్రత తగ్గుతుంది, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. కొత్తగా చిగుళ్ళు వెయ్యాల్సిన పని లేదు, పువ్వు పుయ్యాల్సిన పని అంతకన్నా లేదు. ఆకు వండిన ఆహారం కిందికి దిగి వేళ్ళలో నిలవవుతుంది.

మే నెలలో నాటిన మొక్కకు ఈ సుఖం లేదు. ఒక్కసారే వేరూ పట్టాలి, ఆకూ వెయ్యాలి, మొగ్గా తొడగాలి. ఇంతలో జూలై వచ్చి 90 డిగ్రీల ఎండలో నిలబెడుతుంది. బళ్ళకు సెలవులిచ్చి మనవాళ్ళు ఇండియా ప్రయాణాలు పెట్టుకునేదీ అప్పుడే, మొక్కలు ఎండిపోయేదీ అప్పుడే. శరత్తులో నాటింది మరుసటి వేసవికల్లా వేరు లోతుకి దించుకుంటుంది కాబట్టి, నీళ్ళు పొయ్యమని పక్కింటివాళ్ళను బతిమాలుకునే అవసరం చాలావరకు తప్పుతుంది.

అందుకని ఈ కాలంలో కొనేటప్పుడు పువ్వు వైపు చూడకండి. నర్సరీలవాళ్ళు శీతాకాలం దాకా దాచుకోలేక ధరలు బాగా తగ్గిస్తారు. ఆ కుండీల్లో ఆకులు మాడి, కొమ్మలు వాలి చూడబుద్ధి కాదు. ఫరవాలేదు. కుండీ పక్కకు వంచి మొక్కను మెల్లగా బయటికి లాగి వేళ్ళు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే తెచ్చుకోండి. నల్లబడి మెత్తగా ఉండి వాసన వేస్తుంటే ఊరికే ఇచ్చినా వద్దు.

2. లెక్కపెట్టాల్సింది నేల గడ్డకట్టే రోజుకు.

తొలి ఫ్రాస్ట్ ఎప్పుడా అని అందరూ ఫోన్లో చూసుకుని కంగారుపడతారు. మా వైపు అది మామూలుగా అక్టోబరులో వస్తుంది. వంకాయకీ తులసికీ అదే ఆఖరు రాత్రి. పెరెనియల్‌కు మాత్రం ఆకు వదిలెయ్యమని చెప్పే కబురు, అంతే. నేల గడ్డకట్టడం అంతకు చాలా తర్వాతి మాట, డిసెంబరో జనవరో. ఆ రోజుకు కనీసం ఆరు వారాల ముందు మొక్క మట్టిలో ఉండాలి. నన్నడిగితే ఆరు చాలవు, ఎనిమిదైనా ఉండాలి. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాక మొదలుపెట్టి, అక్టోబరు నడిమికల్లా ముగించుకోవడం మంచిది.

మా ఇంట్లో వినాయక నిమజ్జనం అయ్యాక గునపం బయటికి తీసి, దసరాకు కడిగి పూజలో పెట్టడం ఆనవాయితీ. కానీ పంచాంగాన్నే నమ్ముకోకండి. 2025లో దీపావళి అక్టోబరు 20నే వచ్చింది, 2023లో అధిక శ్రావణం పడటంతో నవంబరు 12 దాకా జరిగింది. ఇక్కడి చలికి మన అధికమాసంతో పనిలేదు.

3. మందారాలన్నీ ఒకటి కావు.

అమెరికా వ్యవసాయ శాఖ చలిని బట్టి దేశాన్ని 13 జోన్లుగా విడగొట్టి పటం వేసింది. ఒక్కో చోట ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు దానికి ఆధారం. 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్ళ లెక్కలు తీసుకుని 2023 నవంబరులో ఆ పటాన్ని సవరించారు. మధ్య జెర్సీలో ఎక్కువ భాగం 7వ జోన్. అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి 0 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యకు దిగుతుందని. కుండీకి గుచ్చిన చీటీ మీద జోన్ అంకె ఉంటుంది. 7, లేదా అంతకంటే తక్కువ అంకె నుంచి మొదలైతేనే ఇక్కడి నేలలో బతుకుతుంది. శీతాకాలమంతా బయట కుండీలోనే ఉంచేట్లయితే ఇంకో రెండు అంకెలు తగ్గించి చూసుకోవాలి. కుండీలో వేళ్ళకు నేల అండ ఉండదు, నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది.

మనవాళ్ళకు చిక్కొచ్చేది మందారం దగ్గర. పూజకు వాడే ఎర్ర మందారం, దేవుడి పటం పక్కన పెట్టే ముద్దమందారం ఇక్కడి చలికి నిలవవు. కుండీలోనే పెంచి, రాత్రి వేడి 50 డిగ్రీలకు తగ్గగానే మల్లెతోనూ కరివేపాకుతోనూ కలిపి ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందే. అదే కుటుంబంలో రోజ్ మాలో అని ఒకటుంది, ఈ తూర్పు తీరపు చిత్తడి నేలల్లో దానంతటదే పెరుగుతుంది. ఎనిమిది, పది అంగుళాల వెడల్పు పువ్వు. శీతాకాలంలో నేలమట్టానికి ఎండిపోయి మే నెలలో మళ్ళీ లేస్తుంది. దుకాణంలో రెంటికీ హైబిస్కస్ అన్న పేరే ఉంటుంది. చీటీ చదవకుండా తెచ్చి నేలలో పెడితే ఏది బతికిందో వచ్చే మేలో గానీ తెలియదు.

4. పియొనీ కావాలంటే ఇదే అదను.

మే చివర్లో నడకకు వెళ్ళినప్పుడు ఎవరింటి ముందో అరచేతికి మించిన గులాబీరంగు ముద్దపువ్వులు చూసి ఫోటోలు తీసుకుంటారే, అవి పియొనీలు. చాలామంది అప్పుడే పరుగెత్తి పూసి ఉన్న కుండీ కొంటారు. దాని అసలు అదను సెప్టెంబరు, అక్టోబరు. అప్పుడు మట్టి లేకుండా ఒట్టి దుంపలు అమ్ముతారు. పిల్లల చెయ్యంత దుంప, దాని నెత్తిన ఎర్రగానో గులాబీరంగులోనో మొగ్గకళ్ళు. మూడు నుంచి అయిదు కళ్ళున్న ముక్క తీసుకోవాలి.

నాటడంలో కిటుకంతా లోతులోనే ఉంది. ఆ కళ్ళ మీద మట్టి రెండు అంగుళాలు మించకూడదు. చలికి పాపం అని జాలిపడి లోతుగా పాతేస్తారు, ఇక ఆకులు తప్ప పువ్వు కనపడదు. పియొనీకి చలి శత్రువు కాదు. మొగ్గ కట్టాలంటే ఆ కళ్ళకు కొన్ని వారాల గట్టి చలి తగలాల్సిందే. హైదరాబాదులో ఎంత గారం చేసినా అది పుయ్యకపోవడానికి కారణం ఇదే. మా వీధిలో ఒకరు పాత ఇల్లు కొన్నారు. ముందరివాళ్ళు పెట్టిన పియొనీ చక్కగా పూసేది. వీళ్ళు ఏటా శ్రద్ధగా మట్టి మీద పరిచే మల్చ్ పొర మీద పొర పోయించారు, పువ్వు ఆగిపోయింది. పీకేస్తామంటే ఆపి, పైన పేరుకున్నదంతా చేత్తో లాగించాను. రెండో ఏడుకి మళ్ళీ మొగ్గలు.

రోజుకు ఆరు గంటల ఎండ, నీళ్ళు నిలవని చోటు, మాటిమాటికీ కదపకుండా వదిలెయ్యడం, ఇవి చాలు. మొదటి ఏడు ఆకులే. రెండో ఏడు ఒకటో అరో. మూడో ఏటి నుంచి అసలు పూత. నచ్చిన చోటు దొరికితే యాభై ఏళ్ళు దాటి బతుకుతుంది, మన ఇంటి లోను తీరాక కూడా పూస్తుంది. మొగ్గల మీద చీమలు పాకుతున్నాయని మందు కొట్టకండి. మొగ్గ బయట ఊరే తీపి కోసం వస్తాయి, వాటివల్ల నష్టం లేదు.

మిగతావాటి గురించి ఇంత చెప్పక్కర్లేదు. డేలిలీ, కోన్‌ఫ్లవర్, బ్లాక్ ఐడ్ సూసన్, సీడమ్ ఇప్పుడు నాటితే మొండిగా బతుకుతాయి. ఐరిస్ దుంప వీపుకు ఎండ తగలాలి, పూర్తిగా పూడ్చకూడదు. పాత కుదుళ్ళను విడదీసి నాటడానికి ఒక లెక్కుంది. వసంతంలో పూసేవాటిని ఇప్పుడు విడదియ్యాలి, ఇప్పుడు పూస్తున్నవాటిని వసంతందాకా కదపకూడదు.

5. గుమ్మం ముందు చామంతిని పూలగుత్తి కిందే జమకట్టండి.

దసరా నుంచి హాలోవీన్ దాకా ప్రతి ఇంటి గుమ్మంలోనూ కుండీ నిండా పూసిన మమ్స్ ఉంటాయి. చామంతి అనేసరికి మన ప్రాణం లేచొస్తుంది. బతుకమ్మ పేర్చడానికీ గుమ్మానికి కట్టడానికీ శుభ్రంగా వాడుకోండి. పండగయ్యాక నేలలో పెడితే వచ్చే ఏడూ పూస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. బలమంతా పువ్వుకు పోయిన మొక్క అక్టోబరు చివర్లో కొత్త వేరు పట్టలేదు. నిలవాలంటే సెప్టెంబరు మొదట్లో మొగ్గ మీద ఉన్నవి కొని వెంటనే నాటాలి, ఎండిన కాడలు వసంతందాకా కొయ్యకూడదు. దానికంటే మేలో చిన్న మొక్క తెచ్చుకోవడం తేలిక. లావెండర్, పొడుగు అలంకరణ గడ్డి రకాలు కూడా వసంతంలోనే పెట్టుకోండి, తడి చలి వాటికి పడదు.

6. గునపం ఎత్తేముందు 811.

గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు, ఇంటర్నెట్ కేబుళ్ళు ఈ దేశంలో చాలాచోట్ల నేల కిందనే పోతాయి. 811కి ఫోన్ చేస్తే ఉచితంగా వచ్చి రంగులతో గీతలు గీసి పోతారు. మూడు పనిరోజుల ముందే చెప్పాలి. చిన్న గొయ్యే కదా అనుకోవద్దు, కేబుల్ కొన్నిచోట్ల జానెడు లోతులోనే ఉంటుంది.

న్యూ బ్రన్స్‌విక్ చుట్టుపక్కల ఎర్రటి పలకరాతి నేల, దాని మీద బంకమట్టి. దక్షిణ జెర్సీకి వెళ్తే ఇసుక. బంకమట్టిలో లోతైన గొయ్యి తీసి లోపల మాత్రం సంచిలో కొన్న మెత్తటి మట్టి నింపితే, వాన నీరంతా ఆ గోతిలోకే దిగి నిలబడుతుంది. శీతాకాలంలో మొక్కలు చలికి పోతాయనుకుంటాం గానీ ఇక్కడ ఎక్కువ పోయేది ఈ తడి వల్లే. గొయ్యి వెడల్పు కుండీకి రెండింతలుండాలి, లోతు కుండీ అంతే. తీసిన మట్టినే తిరిగి వెయ్యండి. కంపోస్టు కలిపితే పాదు మొత్తానికీ కలపండి. కుండీ ఆకారంలో చుట్టుకుపోయిన వేళ్ళను చేతివేళ్ళతోనే విడదియ్యాలి, విడకపోతే కత్తితో నాలుగు గాట్లు పెట్టాలి. అలా చెయ్యకపోతే ఏళ్ళు గడిచినా ఆ చుట్టలోనే తిరుగుతాయి. మట్టి గుణం తెలుసుకోవాలంటే రట్గర్స్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు నమూనా పంపండి. ఊహలతో సున్నం, గంధకం చల్లకండి.

7. నీళ్ళు మానొద్దు, ఎరువు వెయ్యొద్దు.

చల్లగా ఉంది కదా అని నీళ్ళు మానేస్తారు. నేల గడ్డకట్టేదాకా వారానికి అంగుళం వాన పడాలి, పడకపోతే మనం పొయ్యాలి. ఇక్కడో చిక్కుంది. గొట్టాలు పగలకుండా నవంబరులో బయటి కుళాయిలు లోపలి నుంచి కట్టేస్తారు. ఆ పైన వంటింట్లోంచి బిందెతో మొయ్యడమే. అందుకే కొత్త మొక్కల్ని పెరటి చివర పెట్టకండి.

ఎరువు మాత్రం వద్దు. నత్రజని తగిలితే లేత చిగుళ్ళు వేస్తుంది, అవి మొదటి గట్టి చలికే నల్లబడతాయి. లాన్ ఎరువుల మీద న్యూజెర్సీలో 2011 నాటి చట్టమే ఉంది, నవంబరు 15 తర్వాత మార్చి 1 దాకా ఇంటివాళ్ళు చల్లకూడదు. ఆ మిగిలిన సంచి పూలపాదులో కుమ్మరించే తెలివి ఎవరికీ రాకూడదని కోరుకుంటాను.

8. దుప్పటి చలి వచ్చాకే.

కొత్త మొక్కకు అసలు గండం జనవరి, ఫిబ్రవరి. పగలు మట్టి కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. ఆ ఉబ్బడం, కుంగడంలో ఇంకా పట్టు చిక్కని కుదురు కదిలిన పంటిలా పైకి లేస్తుంది. వేళ్ళు గాలికి బయటపడి ఎండిపోతాయి. దీనికి మందు రెండు మూడు అంగుళాల ఆకుల పొరే. అయితే దాన్ని నేల గడ్డకట్టాక వెయ్యాలి. మల్చ్ వేసేది మొక్కకు వెచ్చదనం ఇవ్వడానికి కాదు, గడ్డకట్టిన నేలను అలాగే ఉంచడానికి. మరీ ముందుగా మందంగా కప్పితే ఎలకలు కాపురం పెడతాయి. కుదురు నెత్తిన పొయ్యకుండా చుట్టూ పరవాలి. ఫిబ్రవరిలో ఎండ కాసిన రోజు ఒకసారి పెరట్లో తిరిగి, లేచిన కుదురు కనిపిస్తే చేత్తో నొక్కి మట్టి ఎగదొయ్యండి.

ఈ ఆకులు కొనక్కర్లేదు. ఓక్, మేపుల్ రాల్చినవి లాన్ మెషిన్‌తో ముక్కలు చేసి వాడుకోండి. ఊరంతా ఆకుల్ని సంచుల్లో కట్టి వీధిలో పెట్టి, మళ్ళీ ఏప్రిల్లో డబ్బులిచ్చి మల్చ్ కొనడం నాకెప్పటికీ అర్థం కాదు.

9. జింకలు.

పెరట్లోకి జింక వస్తే పిల్లలు మురిసిపోతారు. హోస్టా, డేలిలీ, ట్యూలిప్ దానికి విందుభోజనం. జింకలు ఏ మొక్కను ఎంత పాడుచేస్తాయో నాలుగు తరగతులుగా విడగొట్టి రట్గర్స్ వాళ్ళు జాబితా ఇచ్చారు. కొనేముందు అది చూడండి. పియొనీ జోలికి సాధారణంగా పోవు.

10. వసంతంలో చేతులు కట్టుకుని కూర్చోండి.

కోన్‌ఫ్లవర్, సూసన్ ఎండు తలల్ని కోసెయ్యకండి. శీతాకాలంలో గింజల కోసం గోల్డ్‌ఫించ్ పిట్టలు వస్తాయి. ఈ రాష్ట్రానికి 1935 నుంచీ అదే రాష్ట్ర పక్షి.

మా వియ్యపురాలు ఒకసారి మార్చిలో వచ్చి, మోడువారిన పాదు చూసి, "అన్నీ చచ్చిపోయాయి వదినగారూ, తీసి కొత్తిమీర చల్లేద్దాం" అని బొరిగె పట్టుకుంది. పెద్దావిడని ఎలా ఆపాలా అని చెమటలు పట్టాయి నాకు. రోజ్ మాలో, బటర్‌ఫ్లై వీడ్ మే నెల వచ్చేదాకా కళ్ళు తెరవవు. నాటిన రోజే పక్కన పుల్ల పాతండి, కాగితం మీద పాదు బొమ్మ గీసి పేర్లు రాసిపెట్టండి. ప్లాస్టిక్ చీటీ మీది సిరా శీతాకాలానికి చెరిగిపోతుంది.

బటర్‌ఫ్లై వీడ్ మన జిల్లేడు కుటుంబంలోదే. జిల్లేడాకు తిని పెరిగే నారింజరంగు సీతాకోకచిలుకలు మన ఊళ్ళలో ఉన్నట్టే, దీని ఆకులు తిని మోనార్క్‌లు పెరుగుతాయి. మెక్సికో పోతూ సెప్టెంబరు, అక్టోబరుల్లో న్యూజెర్సీలోని కేప్ మే మీదుగా గుంపులుగా వెళ్ళేవి అవే. బటర్‌ఫ్లై వీడ్‌కు తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి పెద్ద మొక్కను కదపలేం. గింజల్ని నవంబరులో చల్లి వదిలేస్తే చలికి నాని వసంతంలో మొలుస్తాయి.

11. పిలక ఇచ్చేటప్పుడు వేళ్ళు కడగండి.

మూడు నాలుగేళ్ళకు కుదుళ్ళు పెరుగుతాయి, పంచుకోవాలనిపిస్తుంది. కొలువుకొచ్చిన ముత్తయిదువులకు తాంబూలంతోపాటు డేలిలీ పిలక ఇచ్చే అలవాటు మా కాలనీలో నేనే పెట్టాను. ఇప్పుడొక జాగ్రత్త కావాలి. ఆసియా నుంచి వచ్చిన ఎగిరే వానపాములు న్యూజెర్సీలో పాకుతున్నాయి. పై మట్టినంతా పొడిపొడి గుళికలుగా మార్చి వేళ్ళకు పట్టు లేకుండా చేస్తాయి. పెద్దవి చలికి చచ్చినా వాటి గుడ్లు మట్టిలో శీతాకాలం దాటుతాయి, కుండీలతోనూ పిలకలతోనూ ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి చేరతాయి. కుండీల అడుగున బూడిదరంగు బురద పూసినట్టుంటే అది లాంటర్న్‌ఫ్లై అనే ఇంకో పురుగు గుడ్ల పొర. గీకి రబ్బింగ్ ఆల్కహాల్‌లో గానీ హ్యాండ్ శానిటైజర్‌లో గానీ వెయ్యండి.

పిలక తీశాక మట్టంతా దులిపి, నీళ్ళలో వేళ్ళు కడిగి, తడి కాగితంలో చుట్టి ఇవ్వండి. ఆ రోజే నాటుకుంటే మొక్కకేం కాదు. మట్టితో తెస్తే ఎంత దగ్గరవాళ్ళు తెచ్చినా నేను తీసుకోను, మీరూ తీసుకోవద్దు.